ఇంట్లో కట్టిన సీఎన్‌సీ రౌటర్‌కు జీఆర్‌బీఎల్ కంట్రోలర్: ఏళ్లు వాడాక నా మాట

టేకు, ఎండీఎఫ్ పలకల మీద కంప్యూటర్ ఇచ్చిన డిజైన్లు చెక్కడానికి కట్టుకున్న మెషీన్ ఇది. నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు, 5 మి.మీ. పిచ్ (ఒక చుట్టుకు 5 మి.మీ. కదిపే) బాల్ స్క్రూలు, వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే పెట్టె) తిరిగే 1.5 కిలోవాట్ స్పిండిల్, అంటే చెక్కే బిట్‌ను తిప్పే మోటారు. కంట్రోలర్ ఆర్డుయినో యూనో అనే చిన్న బోర్డు, అందులో మోటార్లను నడిపే జీఆర్‌బీఎల్ 1.1 సాఫ్ట్‌వేర్.

"8 బిట్ బోర్డు, స్పీడ్ రాదు" అని చాలామంది అంటారు. లెక్క వేసి చూడండి. జీఆర్‌బీఎల్ సెకనుకు సుమారు 30 వేల పల్సులు ఇస్తుంది, ఒక్కో పల్సుకు మోటారు ఒక స్టెప్పు వేస్తుంది. డ్రైవర్‌లో (మోటారుకు కరెంటు ఇచ్చే బోర్డు) 8 మైక్రోస్టెప్పింగ్, అంటే ఒక్కో స్టెప్పును 8 ముక్కలు చేయడం, పెడితే మి.మీ.కు 320 స్టెప్పులు. నిమిషానికి 5,000 మి.మీ. వేగానికి సెకనుకు 26,700 పల్సులు చాలు. 16 పెడితే మాత్రం 2,800 దగ్గరే ఆగిపోతుంది. చెక్క పనిలో ఆ రెంటి నునుపులో తేడా నాకు కనిపించలేదు.

స్పీడ్‌తో ఇబ్బంది లేదు. టెన్షన్ పెట్టింది లిమిట్ స్విచ్‌లు, అంటే మెషీన్ అంచుకు చేరితే ఆపేసేవి. స్పిండిల్ ఆన్ చేయగానే, ఎవరూ తాకకుండానే అలారం 1 (లిమిట్ స్విచ్ తగిలిందన్న హెచ్చరిక) వచ్చి పని ఆగిపోయేది. స్విచ్ లైనును 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచే యూనో లోపలి పుల్-అప్ రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. అంత బలహీనమైన లైను వీఎఫ్‌డీ పక్క నుంచి వెళ్తే నాయిస్ పట్టకుండా ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో డిబౌన్స్ (క్షణకాలపు సిగ్నళ్లను పట్టించుకోకపోవడం) పెట్టమని సలహా ఇస్తారు, దాంతో జబ్బు దాగుతుందే కానీ పోదు. పైన లోహపు అల్లిక ఉండే షీల్డ్ వైరు వేసి, షీల్డ్‌ను ఒక్క చివరే ఎర్త్ చేసి, స్విచ్‌లను 24 వోల్టులతో ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను వెలుతురు ద్వారా దాటించే భాగం) మీదుగా ఇచ్చాక గొడవ పోయింది. స్విచ్‌లు నార్మల్లీ క్లోజ్డ్ (తాకనప్పుడు సర్క్యూట్ మూసి ఉండే) రకమే వాడండి, వైరు తెగినా మెషీన్ ఆగుతుంది. అన్నట్టు, మన ఇళ్లలో మూడో పిన్ను చాలాచోట్ల పేరుకే ఉంటుంది. వీఎఫ్‌డీ పెట్టేముందు ఎర్తింగ్ చూపించుకోండి.

ఇంకో సమస్య దొరకడానికి చాలాకాలం పట్టింది. త్రీడీ చెక్కుడు పనుల్లో గంటలు గడిచేకొద్దీ జెడ్, అంటే పైకీ కిందికీ కదిలే అక్షం, కొంచెం కొంచెంగా కిందికి దిగేది. కప్లింగ్ బిగించినా, యాక్సిలరేషన్ తగ్గించినా అదే తీరు. సన్నటి కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టి పొడవాటి కదలికలు ఇస్తే సున్నా కదల్లేదు. అదే ఒక్కో మి.మీ. చొప్పున పైకీ కిందికీ పదేపదే తిప్పితే జారింది. అంటే స్టెప్పులు పోతున్నది దూరంలో కాదు, దిశ మారే చోట. నా డ్రైవర్‌కు దిశ సిగ్నల్ వచ్చాక, స్టెప్ సిగ్నల్ వచ్చేలోపు కనీసం 5 మైక్రోసెకన్ల వ్యవధి కావాలి. మామూలుగా కంపైల్ చేసిన జీఆర్‌బీఎల్ ఆ రెండు సిగ్నళ్లనూ వెంటవెంటనే పంపేస్తుంది. డ్రైవర్ లోపలి ఆప్టోకప్లర్ ఆన్ అయినంత త్వరగా ఆఫ్ కాదు కాబట్టి తప్పు ఒకవైపే పోగవుతుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో స్టెప్ పల్స్ డిలే 10 మైక్రోసెకన్లు పెట్టి మళ్లీ కంపైల్ చేశాక జారడం ఆగింది.

యూనో మీద పెట్టే చౌక షీల్డ్ బోర్డుల్లో ఒక తిరకాసు ఉంది. పాత మోడల్ వాటిలో జెడ్ లిమిట్ 11వ పిన్ను దగ్గర ఉంటుంది, కొత్త జీఆర్‌బీఎల్ దాన్ని 12లో వెతుకుతుంది.

ఇవాళ కొత్తగా కట్టేవాళ్లకు ఈఎస్‌పీ32 చిప్ మీద నడిచే ఫ్లూయిడ్ఎన్‌సీ అనే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ చెబుతాను. బోర్డులో ఇన్‌పుట్‌లకు ఆప్టో ఐసొలేషన్, స్టెప్ లైన్లకు సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే బఫర్ ఉండాలి, ఎందుకంటే ఆ చిప్ ఇచ్చేది 3.3 వోల్టులే. పని వైఫై మీద కాకుండా ఎస్‌డీ కార్డు నుంచి నడపండి. నన్ను అంతగా తిప్పలు పెట్టిన ఆ డిలే ఇక్కడ టెక్స్ట్ ఫైల్‌లో ఒక్క లైను, కంపైల్ చేసే పనే లేదు.