లిబ్‌ఐఈసీ61850 వాడకం: పేరు మారితే మేక్ ఆగుతుంది, అదే దీని గొప్ప

లిబ్‌ఐఈసీ61850 అంటే సబ్‌స్టేషన్ పరికరాలు మాట్లాడుకునే ఐఈసీ 61850 ప్రమాణానికి సిలో రాసిన లైబ్రరీ. ఆ ప్రమాణం, దాని సందేశాలు మోసే ఎంఎంఎస్ ప్రొటోకాల్ ఎలా నడుస్తాయో ఇక్కడ వివరించను. ఈ లైబ్రరీ జోలికి వచ్చేవాళ్లకు అవి తెలిసే ఉంటాయి. మేం దీన్ని చిన్న ఆర్మ్ లైనక్స్ బాక్స్ మీద చాలాకాలంగా నడుపుతున్నాం. కింద ఆర్‌ఎస్-485 తీగల మీద మోడ్‌బస్ ప్రొటోకాల్‌తో మాట్లాడే మీటర్లు, పైన సబ్‌స్టేషన్‌ని గమనించే స్కాడా వ్యవస్థ. ఇందులో నాకు మనసు పడిపోయింది ఒక్కదాని మీదే: జెన్‌మోడల్ అనే జావా టూల్.

పరికరంలో ఏ డేటా ఉందో చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైల్, అంటే ఐసీడీ ఇస్తే అది స్టాటిక్ మోడల్‌ని (కంపైల్‌తోనే ఖాయమయ్యే డేటా చెట్టుని) సి కోడ్‌గా రాసిచ్చేస్తుంది. లాజికల్ డివైస్ నుంచి చివరి అట్రిబ్యూట్ దాకా ప్రతిదానికీ హెడర్‌లో ఒక పొడుగాటి మాక్రో పేరు పెడుతుంది. చూడ్డానికి చికాకుగా ఉంటుంది, టైపు చేయాలంటే ఇంకా చికాకు. దాని విలువ కమిషనింగ్ (సైటులో పనిలోకి తెచ్చే దశ) దగ్గరపడ్డాకే తెలిసింది.

ఇంటిగ్రేటర్ సవరించిన ఐసీడీ పంపాడు. మెయిల్లో 'చిన్న చిన్న మార్పులు' అని తప్ప ఏం మారిందో లేదు. పాత ఫైలుతో పోల్చి చూద్దామంటే, వాళ్ల టూల్ మొత్తం ఎక్స్‌ఎంఎల్‌ని కొత్త వరుసలో సేవ్ చేసింది, దాదాపు ప్రతి లైనూ మారినట్టే కనిపిస్తోంది. ఇక లాభం లేదని జెన్‌మోడల్ నడిపి మేక్ (బిల్డ్ కమాండ్) కొట్టాను. ఎర్రర్లు వరుసకట్టాయి. ఒక ఫీడర్ ఎంఎంఎక్స్‌యూ (కొలతలు ఉండే లాజికల్ నోడ్) నంబరు మారింది. మొత్తం పవర్ విలువ ఫ్లోట్ పోయి ఇంటిజర్ అయింది, అంటే చివర ఎఫ్ ఉండాల్సిన చోట ఐ వచ్చింది. జీసీసీ కంపైలర్ అయితే 'ఇదా మీరనుకున్నది?' అని దగ్గరి పేరు కూడా చూపించింది. వాళ్లు మెయిల్లో రాయని మార్పుల జాబితా కంపైలరే ఇచ్చేసింది! రిఫరెన్సులను (పాయింట్ల పూర్తి పేర్లను) స్ట్రింగులుగా రాసుకునే పద్ధతిలో ఇవన్నీ కంపైల్ అయిపోతాయి. పాయింటు రావట్లేదని స్కాడా వాళ్లు ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

ఆ ఊపులో కనపడినవాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. తర్వాత ఇంకో సవరణ వచ్చింది. మేక్ కిమ్మనకుండా అయిపోయింది. సర్వర్ లేచింది, మొదటి ఇండికేషన్ అప్‌డేట్‌కే పడిపోయింది. జీజీఐఓ (సాధారణ ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల లాజికల్ నోడ్) లోని ఒక ఇండికేషన్‌ని సింగిల్ పాయింట్ (రెండు స్థితులు) నుంచి డబుల్ పాయింట్ (నాలుగు స్థితులు) కి మార్చారు. ప్రమాణం ప్రకారం అక్కడ ఉండాల్సింది సింగిల్ పాయింటే, అది వేరే గొడవ. పేరు అదే కాబట్టి మాక్రో కూడా అదే. సి దృష్టిలో ప్రతి అట్రిబ్యూట్ మాక్రో ఒకే రకం పాయింటర్, లోపల ఉన్నది బూలియనా డబుల్ పాయింటా అన్నది కంపైలర్‌కి కనపడదు. డీబగ్ బిల్డ్ కాబట్టి లైబ్రరీలోని అసర్ట్ (షరతు తప్పితే ప్రోగ్రామ్‌ని ఆపేసే తనిఖీ) ఆపింది. అసర్ట్‌లు తీసేసిన రిలీజ్ బిల్డ్ అయితే ఆ ఆపడం కూడా ఉండదు. కాబట్టి నేను చేసిన పొగడ్త పేర్ల వరకే చెల్లుతుంది, టైపులకు కాదు.

మిగతావి క్లుప్తంగా. జావా బిల్డ్ మెషీన్‌లో ఉంటే చాలు, బాక్స్‌లో అక్కర్లేదు. పోర్ట్ 102 (1024 కంటే తక్కువ) కాబట్టి రూట్ కాని యూజర్‌తో నడపాలంటే ఆ పోర్ట్ తెరిచే లైనక్స్ అనుమతి, అంటే కేపబిలిటీ ఇవ్వాలి. దాన్ని ఫైలుకి సెట్‌క్యాప్‌తో ఇస్తే కొత్త బైనరీ పెట్టిన ప్రతిసారీ పోతుంది, సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో రాస్తే ఆ టెన్షన్ ఉండదు. లైసెన్స్ జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్, లేదంటే డబ్బు కట్టి కమర్షియల్ లైసెన్స్. ఈ లెక్క మీ మేనేజర్‌తో ముందే తేల్చుకోండి.

కొనొచ్చా, వాడొచ్చా అంటే నా పరిస్థితి చెప్తాను, మీరే చూసుకోండి. మాది చిన్న ప్యానెల్ కంపెనీ, ఒకే మోడల్‌ని నెలల తరబడి కదపం. ఇలాంటి చోట స్టాటిక్ మోడల్ హాయి. సైటు సైటుకీ ఫీడర్లు మారే పని అయితే ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేసి పంపడం విసుగు. దానికి ఇదే లైబ్రరీలో కాన్ఫిగ్ ఫైలు నుంచి మోడల్ చదివించే దారి ఉంది, కానీ అక్కడ మళ్లీ స్ట్రింగులే గతి. వచ్చే ప్రాజెక్టు అలాంటిదే. సర్వర్ లేవగానే ప్రతి రిఫరెన్సు ఉందో లేదో, ఉంటే దాని టైపేమిటో చూసి, తేడా ఉంటే అక్కడే ఆగిపోయే చెక్ ఒకటి రాస్తున్నాను.