ఆవులింత ఆపుకున్న థెరపిస్ట్ దగ్గరికే మళ్ళీ వెళ్తున్నా (4/5)

కూకట్‌పల్లిలో చిన్న కౌన్సెలింగ్ సెంటర్, ఆమె పొరపాటు కూడా రాస్తున్నా కాబట్టి పేరు చెప్పట్లేదు. 50 నిమిషాలకి 1500, ఇప్పటికి 11 సెషన్లు అయ్యాయి.

నాన్న పోయి ఏడాది దాటింది, రెండేళ్ళు డయాలసిస్‌కి నేనే తిప్పా. మొదట ఇంకోచోటికి వెళ్తే అక్కడామె నా మాట వింటూ వింటూ వాళ్ళమ్మ సంగతి ఎత్తుకుని ఏడ్చేసింది, నేనే వాటర్ బాటిల్ అందించి ఊరుకోండి మేడమ్ అని ఫీజు కట్టి వచ్చేశా.

ఇక్కడ నాలుగో సెషన్‌లో నేను ఆటో చార్జీలు, ఇంజెక్షన్ల రేట్లు, ఆరోగ్యశ్రీ కాగితాలు అన్నీ చెప్పుకుంటూ పోతుంటే ఆమె పెదాలు బిగించి ఆవులింత ఆపుకుంది, నేను చూశా, ఒళ్ళు మండిపోయింది. అడ్వాన్స్ కట్టేశా కాబట్టే మళ్ళీ వెళ్ళా.

కూర్చోగానే ఆమే ఎత్తింది. "పోయినసారి మీరు చెప్తుంటే నాకు నిద్ర ముంచుకొచ్చిందండీ, మీరూ చూశారు, సారీ. నేనే అలిసిపోయానేమో అని ముందు చూసుకున్నా, మీ పేరు చెప్పకుండా మా సూపర్‌వైజర్‌తో, అంటే నా కేసుల గురించి నేను మాట్లాడుకునే సీనియర్ థెరపిస్ట్‌తో కూడా మాట్లాడా. అంతసేపు చెప్పారు గానీ లెక్కలే వినపడ్డాయి, నాన్నగారు ఎక్కడా కనపడలేదు. నాకు తప్పుగా తోచి ఉండొచ్చు, మీకేమనిపిస్తుంది?"

తప్పు నామీదకి తోస్తోందా అనుకున్నా ఒక్క క్షణం. ఆ తర్వాత నాన్న ఫిస్టులా చెయ్యి (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి) గుర్తొచ్చింది, దానిమీద చెవి పెడితే ఝుమ్మని శబ్దం వచ్చేది, విను విను అని చిన్నపిల్లాడిలా చెయ్యి చాపేవాడు. అది చెప్తూ చెప్తూ వెక్కి వెక్కి ఏడ్చా, ఆయన పోయాక అలా ఏడవడం అదే మొదటిసారి. ఆమె మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు.

ఇలా క్లయింట్ వల్ల థెరపిస్ట్‌లో పుట్టే ఫీలింగ్స్‌ని కౌంటర్‌ట్రాన్స్‌ఫరెన్స్ అంటారంట. ఇంటికొచ్చి చదివా, 1910లో సైకోఅనాలిసిస్ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ దీన్ని డాక్టర్ తనలో గుర్తుపట్టి అధిగమించాల్సిన దానిగా చూస్తే, 1950లో పౌలా హైమన్ అనే సైకోఅనలిస్ట్ అది పేషెంట్‌ని అర్థం చేసుకోడానికి పనికొచ్చే సాధనం అంది. ప్రతి చిరాకూ క్లయింట్‌కి చెప్పేయరు, చాలావరకు సూపర్‌విజన్‌లోనే తేల్చుకుంటామని మా థెరపిస్ట్ చెప్పింది, అది నాకు చాలా నచ్చింది. మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదటిరోజే అడగండి, మీకు సూపర్‌వైజర్ ఉన్నారా, క్లయింట్ మీద విసుగొస్తే ఏం చేస్తారు అని.

ఒక స్టార్ తగ్గించింది గోడల వల్ల, పక్కగది మాటలు ఇటు వినపడతాయి, ఏడవాలంటే ఇబ్బంది. సాయంత్రం 7 తర్వాత స్లాట్ తీసుకోండి, అప్పుడు పక్కగది ఖాళీగా ఉంటుంది.