డెక్‌కి ఆయిల్ స్టెయినా, వాటర్ బేస్ స్టెయినా? ముందు మీ వాతావరణం చూసుకోండి

ఆరుబయటి చెక్క డెక్ మీద వేసే స్టెయిన్లలో (చెక్కకు రంగునిచ్చి కాపాడే పూతల్లో) ప్రధానంగా రెండు రకాలున్నాయి: ఆయిల్‌వి, వాటర్ బేస్‌వి. రంగుల సంగతి అటుంచితే, ఈ రెండింటి అసలు గుణం తెలిసేది ఎండా తేమల దగ్గరే. ఖరీదైన డబ్బా అయినా వేళ కాని వేళ వేస్తే ఏడాది తిరక్కుండానే పాడవుతుంది.

చాలా డబ్బాల మీద 10 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ అని ఉంటుంది. దాన్ని ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రతతో పోల్చుకుని పని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. చూడాల్సింది చెక్క వేడిని కూడా. గాలి 28 డిగ్రీలే ఉన్నా, నడినెత్తి ఎండలో ముదురు రంగు పలక 45 దాటొచ్చు. అరికాలు ఆనించలేనంతగా కాలుతుంటే బ్రష్ పట్టుకోనక్కర్లేదు. ఆ వేడికి స్టెయిన్ చెక్కలోకి ఇంకేలోపే పైపైన ఆరిపోతుంది. ఆరిన అంచు మీద మళ్లీ బ్రష్ పడ్డచోటల్లా ముదురు చారలు తేలతాయి. ఈ విషయంలో వాటర్ బేస్ మరీ సున్నితం. ఆయిల్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తుంది. ఏది వేసినా రెండు మూడు పలకలు మాత్రమే తీసుకుని, ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే ఊపులో పూర్తిచేయాలి. నీడ ఎటు జరుగుతుంటే అటు జరుగుతూ వేసుకోవడం మంచిది.

చలికి రెండూ రెండు రకాలుగా మొండికేస్తాయి. ఆయిల్ రోజుల తరబడి జిగటగా ఉండి దుమ్మంతా పట్టుకుంటుంది. వాటర్ బేస్‌లోని రెసిన్ కణాలు 10 డిగ్రీల దిగువన ఒకదానితో ఒకటి సరిగా అతుక్కోవు. చూడ్డానికి ఆరినట్టే ఉంటుంది, తర్వాత పొడిగా రాలుతుంది. పగలు వెచ్చగా ఉందని సాయంత్రం దాకా వేస్తే రాత్రి మంచు కురిసి తెల్లటి మచ్చలు పడతాయి. చెక్క ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. పొద్దున మంచు తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండు మూడింటికల్లా ఆపేయడం క్షేమం.

ఇక చెక్కలోని తేమ. మీటర్‌తో కొలిస్తే 15 శాతం లోపు ఉండాలి. మీటర్ లేకపోతే నాలుగైదు చోట్ల నీటి చుక్కలు వేసి చూడండి. నిమిషంలో ఇంకిపోతే చెక్క సిద్ధం. ముత్యాల్లా నిలబడితే చెక్క తడిగా ఉన్నట్టు, లేదా పాత పూత ఇంకా మిగిలి ఉన్నట్టు. కొత్త పలకల మీద చిత్రిక పట్టే మెషీన్ వదిలిన నునుపు కూడా ఇలాగే అడ్డుపడుతుంది. 60 లేదా 80 నంబర్ గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. అంతకంటే నున్నగా రుద్దితే రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ ఇంకదు. వాన వెలిశాక కనీసం రెండు ఎండ రోజులు ఆగాలి. నేలకు ఆనుకున్నట్టుండే డెక్‌కి అదీ చాలదు, అడుగుభాగం ఆరదు మరి. కొద్దిపాటి చెమ్మను వాటర్ బేస్ ఓర్చుకుంటుంది, ఆయిల్ అస్సలు ఓర్చుకోదు.

‘గంటలో వాన తట్టుకుంటుంది’ అన్న రాతను సగమే నమ్మండి. వాటర్ బేస్‌కి 24 గంటలు, ఆయిల్‌కి 48 గంటలు వాన లేని వ్యవధి చూసుకోవాలి.

కాబట్టి వానలు వెనకబట్టి చలి ముదరని రోజులు, లేదా చలి తగ్గి ఎండలు ముదరని రోజులు అనువైనవి. రెండో దాంట్లో ఒక తిరకాసుంది: చెట్లు పూసే కాలమైతే పుప్పొడి తడి పూతకు అంటుకుంటుంది. పొడిగా, మబ్బుగా ఉండే రోజులు వరసగా నాలుగైదు దొరికే చోట మా ఓటు చెక్కలోకి ఇంకే ఆయిల్ స్టెయిన్‌కే. అది పెచ్చులూడదు, మళ్లీ పూయడానికి గీకే పని ఉండదు. వానకూ వానకూ మధ్య ఒకటి రెండు రోజులే దక్కే చోట, నీడ పట్టున నాచు పట్టే డెక్‌లకు వాటర్ బేస్ మేలు.

ఆయిల్ తీసుకుంటే ఒక జాగ్రత్త. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి మంటలు అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన ఇనప డబ్బాలో ముంచి మూతపెట్టండి.