రెండు డిస్కులకు రెండు తాళాలా, ఒకే తాళమా: ఏది మేలు?

నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక ఫొటో స్టూడియోలోను, ఒంగోలులోని మా ఆఫీసులోను ఉన్న లినక్స్ కంప్యూటర్లను నేనే చూసుకుంటాను. రెండింటిలోనూ సిస్టమ్ చిన్న ఎస్‌ఎస్‌డీ మీద, డేటా లక్స్ ఎన్‌క్రిప్షన్‌తో (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలో; ఇక్కడ తాళం అంటే ఇదే) రెండు హార్డ్‌డిస్కుల మీద జంట ప్రతులుగా ఉంటుంది. తేడా అమరికలో ఉంది. స్టూడియోలో ఒక్కొక్క డిస్కుకు విడిగా తాళం వేసి, ఆ రెండింటి మీద బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌ను (ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి) రెయిడ్-1గా, అంటే రెండు డిస్కుల మీదా ఒక్కొక్క ప్రతి ఉండేలా పెట్టాను. ఒంగోలులో ముందు లినక్స్‌లోనే ఉండే ఎండీ రెయిడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో డిస్కులను ఒకటిగా కలిపి, ఆ ఒక్కదానికే తాళం వేసి, దానిపై ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ పెట్టాను.

వీటిలోని లినక్స్ రకమైన డెబియన్‌ను 12వ వెర్షన్ నుంచి, 2025 ఆగస్టులో విడుదలైన 13కు మార్చినప్పుడు రెండూ ఒకే తీరుగా నిలిచిపోయాయి. తప్పు నాదే. కొత్త వెర్షన్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులను బూట్ సమయంలో తెరిచే భాగాన్ని సిస్టమ్‌డీ-క్రిప్ట్‌సెటప్ అనే వేరు ప్యాకేజీగా విడదీశారు. సిఫారసు ప్యాకేజీగా అది దానంతటదే రావలసినదే కాని, చోటు కలిసివస్తుందని సిఫారసులను నేను ఎప్పుడో ఆపి ఉంచాను. రీబూట్‌కు ముందే చూసుకొమ్మని రిలీజ్ నోట్సులో ఉన్న మాటను చదవనూ లేదు. డేటా డిస్కు కోసం నిమిషంన్నర ఎదురుచూసి, సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి (మరమ్మతు కమాండ్లు ఇవ్వడానికి మాత్రమే పనికొచ్చే స్థితిలోకి) వెళ్లిపోయింది.

ఈ దెబ్బ విషయంలో రెండు అమరికలూ సమానమే; తేడా కోలుకోవడంలో తెలిసింది. ఒంగోలులో ఒక్క పాస్‌వర్డ్‌తో తాళం తీసి, మౌంట్ చేసి (ఫైళ్లు వాడుకునేలా సిస్టమ్‌కు జతచేసి), ఆ ప్యాకేజీ వేయగానే పని అయిపోయింది. స్టూడియోకు సుమారు 120 కిలోమీటర్ల దూరం నుంచి అక్కడి కుర్రవాడికి ఫోనులో ఒక్కొక్క అక్షరమూ చెప్పవలసి వచ్చింది. అతడు ఒక డిస్కునే తెరిచి మౌంట్ చేయబోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోలేదు, "అన్నా, డిస్కు పోయినట్టుంది" అని కంగారుపడ్డాడు. ఒక డిస్కు లేకున్నా ఫర్వాలేదని చెప్పే డిగ్రేడెడ్ ఆప్షన్ ఇస్తే ఎక్కేదే కాని, ఆ స్థితిలో కొత్త ఫైళ్లు రాస్తే రెండో ప్రతి వెనకబడుతుంది కనుక, ఓపికగా రెండో తాళమూ తీయించాను.

అయినా స్టూడియో అమరికను మార్చను. ఏళ్ల తరబడి కదిలించని పెళ్లి వీడియోలో ఒక డిస్కు మీద చడీచప్పుడు లేకుండా కొంత భాగం చెడిపోతే, రెండు ప్రతుల్లో ఏది సరైనదో ఎండీ రెయిడ్‌కు తెలియదు; బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చెక్‌సమ్‌తో (డేటా నుంచి లెక్కగట్టి దాచిన సరిచూపు సంఖ్యతో) పోల్చి, స్క్రబ్ (డేటా అంతటినీ చదివి సరిచూసే పని) నడిపినప్పుడు మంచి ప్రతి నుంచి బాగుచేస్తుంది. పైగా ఒకే తాళం ఉన్నచోట పొరపాటున లక్స్ హెడర్ (తాళం తీయడానికి కావలసిన వివరాలు ఉండే భాగం) మీద ఏదైనా రాస్తే, ఆ నష్టం రెండు డిస్కులకూ ఒకేసారి చేరుతుంది. హెడర్ బ్యాకప్ రెండు అమరికలకూ తప్పనిసరే అనుకోండి.

రోజూ మారుతూ, వేరేచోట బ్యాకప్ ఉన్న మా ఆఫీసు లెక్కలకు మాత్రం ఒకే తాళం చాలు. ఇప్పుడు రెండు చోట్లా బూట్ సమయంలో ఏ డిస్కులను తెరిచి జతచేయాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్, క్రిప్ట్‌ట్యాబ్ ఫైళ్లలో డేటా డిస్కులకు నోఫెయిల్ అనే ఆప్షన్ చేర్చాను. అవి తెరుచుకోకపోయినా కంప్యూటర్ నెట్‌వర్క్ దాకా లేస్తుంది, మిగతాది నేను ఇంటి నుంచే చూసుకోగలను.