దొంతరగా పేర్చిన నెట్‌వర్క్ డివైజ్‌ల లాక్‌లు: క్లాసా, కీయా, లెవెలా?

మా భీమవరం కుర్రాడొకడు లినక్స్‌లో సొంతంగా వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్ రాశాడు. ఒక డివైజ్ పైన అదే రకం ఇంకోటి పెట్టగానే కెర్నల్ లాగ్‌లో ‘పాజిబుల్ రికర్సివ్ లాకింగ్ డిటెక్టెడ్’ (పట్టుకున్న లాక్‌నే మళ్లీ పట్టుకుంటున్నట్టుంది) అని పడింది. లాక్ అంటే ఒక డేటాను ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళం. కింద రెండు చోట్లా ఒకే లాక్ పేరు, అడ్రస్‌లు మాత్రం వేరు. "ఇది నిజంగా డెడ్‌లాకేనాండీ, లాక్ ఎప్పటికీ దొరక్క అంతా ఆగిపోతుందా?" అంటూ టెన్షన్‌తో ఫోన్ చేశాడు.

కాదు. ఎగువ డివైజ్ లాక్ పట్టుకుని దిగువ దాని లాక్ తీసుకుంటున్నాడు, అంతే. దిగువది మళ్లీ ఎగువకు ఎక్కేలా పేర్చబోతే కెర్నలే ఒప్పుకోదు. కానీ ఆ హెచ్చరిక ఇచ్చింది లాక్‌డెప్, అంటే లాక్‌ల వాడకంలో తప్పులు పట్టడానికి 2006లో కెర్నల్‌లోకి వచ్చిన సాధనం. అది లాక్‌లను క్లాసులవారీగా చూస్తుంది. ఒకే చోట ఇనిషియలైజ్ చేసినవన్నీ దానికి ఒకటే. మన కాలవల మీద లాకులన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఏది ఎగువో ఏది దిగువో మనకు తెలుసు. లాక్‌డెప్‌కు మాత్రం మనమే చెప్పాలి.

డివైజ్ రకానికో క్లాస్ ఇవ్వడం పాత పద్ధతి. బాండ్ (కొన్ని నెట్‌వర్క్ కార్డులను ఒకటిగా కలిపిన డివైజ్) మీద వీలాన్ (ఒకే నెట్‌వర్క్‌ను విడివిడిగా చీల్చే డివైజ్) ఉన్నంతవరకూ బాగానే నడుస్తుంది. వీలాన్ మీద వీలాన్ పెడితే మొదటికొస్తుంది. మా కుర్రాడి ఇబ్బందీ అదే కాబట్టి ఇది అతనికి పనికిరాదు.

ఒక్కో డివైజ్‌కు సొంత కీ (లాక్ ఏ క్లాసుదో లాక్‌డెప్‌కు చెప్పే గుర్తు) ఇవ్వడం వినడానికి చాలా బాగుంటుంది. 2019లో 5.4 కెర్నల్ ఈ దారే పట్టింది. అయితే ఈ కీల పట్టికలో 8192 క్లాసులకే చోటు; కంటైనర్లు వేల డివైజ్‌లు పుట్టిస్తే అది నిండిపోతుంది, లాక్‌డెప్ తనంతట తనే ఆగిపోతుంది. దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. పేర్చిన వరస మారినప్పుడల్లా కీ మార్చాలి, సరిగ్గా అప్పుడే ఇంకో సీపీయూ ఆ లాక్‌ను వాడుతూ ఉండొచ్చు. అందుకే డివైజ్ అడ్రస్‌ల లిస్టును కాపాడే లాక్ విషయంలో 2020లో స్టాటిక్ కీకే (మారకుండా ముందే ఖాయమైన కీ) తిరిగొచ్చి, దానికి లెవెల్, అంటే దొంతరలో ఎన్నో అంతస్తో చెప్పే అంకె, జోడించారు.

నా ఓటు ఆ లెవెల్‌కే. స్పిన్‌లాక్ (దొరికేదాకా తిరుగుతూ ఎదురుచూసే లాక్) నెస్టెడ్ కాల్‌లో ‘ఇది ఇన్నో అంతస్తు’ అని చెబుతాం. ఒక్కో అంతస్తును లాక్‌డెప్ ఒక్కో సబ్‌క్లాసుగా చూస్తుంది. సబ్‌క్లాసులు 8, డివైజ్‌లు పేర్చడానికి కెర్నల్ పెట్టిన హద్దూ 8. లాక్‌డెప్ లేని బిల్డ్‌లో అది మామూలు స్పిన్‌లాకే, అదనపు ఖర్చేమీ లేదు. జాగ్రత్త ఒక్కటే: లెవెల్ తప్పు చెబితే నిజమైన డెడ్‌లాక్ కూడా కనబడకుండా పోతుంది. లెవెల్ తప్పిన దెబ్బ కెర్నల్‌కూ తగిలింది, కాకపోతే ఇంకో రకంగా. డివైజ్‌ను విడదీస్తుండగా లెవెల్ విలువ మధ్యలో మారిపోయి ఉత్తుత్తి హెచ్చరికలొచ్చాయి. అందుకే లాక్ కోసం నెస్టెడ్ లెవెల్ అని వేరే వేరియబుల్ పెట్టారు.

అసలు రెండు లాక్‌లూ ఒకేసారి పట్టుకోవాలా అని ముందు చూసుకోమన్నాను. లిస్టు కాపీ చేసుకుని ఎగువది వదిలేశాక దిగువది పట్టుకుంటే ఈ గొడవే ఉండదు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. మూడు చోట్ల రెండింట్లో కాపీతో సరిపోయిందట. మూడోదానికి లెవెల్ పెట్టి, మూడంతస్తులు పేర్చి, రాత్రంతా కలుపుతూ విడదీస్తూ నడిపాడట. లాగ్‌లో ఒక్క లైనూ పడలేదన్నాడు.