మిద్దె తోటల గ్రూపుల్లో అమ్ముతున్న ‘కాటు తైలం’ ఒంటికి రాయకండి

ఈ ఎండాకాలం హైదరాబాద్ మిద్దె తోటల గ్రూపుల్లో తిరుగుతున్న ఆకుపచ్చ మూత సీసా గురించి రాస్తున్నాను. చీమ కుట్టినా, కందిరీగ కుట్టినా రాసుకోవచ్చంటూ అమ్ముతున్న తైలం అది. కొనాలనుకునేవాళ్లు ఆగండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఒంటికి తాకనివ్వకండి. అమ్మే మనిషి పేరు ఇక్కడ రాయడం లేదు. విత్తనాలు పంచుకోవడానికి ఆదివారాలు వచ్చేవాళ్లకు అతను ఎవరో నేను చెప్పక్కర్లేదు.

మాది వనస్థలిపురం. ఏప్రిల్ వచ్చేసరికి మందారాలకు పిండినల్లి పట్టింది, దాని వెనకే చీమలు బారులు తీరాయి. పిండినల్లి విడిచే తీపి ద్రవం కోసం చీమలు దాన్ని కాపాడుకుంటూ తిరుగుతాయని తోట పెంచేవాళ్లకు తెలిసిందే. ఎండ ముదిరాక నీళ్ల తొట్టి దగ్గరికి తేనెటీగలు, కందిరీగలు దాహానికి రావడం మొదలైంది. సాయంత్రం నీళ్లు పట్టి దిగేసరికి పాదాల నిండా దద్దుర్లు, రాత్రంతా దురద, మంట. అత్తయ్య అయితే నిద్ర లేక నీరసించిపోయింది. అందుకే ఆ తైలం తెప్పించాను. సీసా 350 రూపాయలు. ముందే రాసుకుంటే ఏ పురుగూ దగ్గరికి రాదని, కుట్టాక రాస్తే నిమిషంలో మంట తగ్గుతుందని, పసిపిల్లలకు కూడా భయం లేకుండా రాయవచ్చని అతనే రాశాడు.

పోయిన గురువారం బీర పందిరి కింద కాయలు కోస్తుంటే అత్తయ్య ముంజేతి మీద కందిరీగ కుట్టింది. తైలం తెచ్చి మణికట్టు నుంచి మోచేతి దాకా రాశాం. కాసేపటికే చేయి ఎర్రబడింది. కుట్టిన చోటు చుట్టూ ఎర్రబడితే కందిరీగ వల్లే అనుకునేవాళ్లం. తైలం ఎంత మేర తగిలిందో అంత మేర, గీత గీసినట్టు ఎర్రబడింది. రాత్రికి నీటి బొబ్బలు లేచాయి. కాన్పులప్పుడు కూడా నోరు మెదపలేదని చెప్పుకునే మనిషి, ఆ రాత్రి చేయి బకెట్ నీళ్లలో పెట్టుకుని ఏడ్చింది.

తెల్లవారగానే చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. చేయి చూసి ఆయన అడిగిన మొదటి మాట, “ఏం రాశారు?” సీసా చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక ఆకు బొమ్మ, ‘వంద శాతం సహజం’ అన్న మాట, ఒక ఫోను నంబరు. దేనితో చేశారో లేదు. తయారీదారు చిరునామా లేదు. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏవీ లేవు. ఇది కందిరీగ కాటు వల్ల వచ్చింది కాదమ్మా, పైన రాసిన దాని వల్ల చర్మం కాలింది, అందులో ఏముందో కనుక్కుని చెప్పగలరా అన్నారు.

అక్కడి నుంచే ఫోను చేశాను. ఆ మాటలు జరిగినవి జరిగినట్టు రాస్తున్నాను.

“అన్నా, డబ్బుల కోసం కాదు. అత్తయ్య చేతికి బొబ్బలు వచ్చాయి. తైలంలో ఏం కలిపారో డాక్టరు గారు అడుగుతున్నారు.”

“మూలికలమ్మా.”

“ఏ మూలికలు?”

“అది మా తాతల నాటి తయారీ. అడిగినవాళ్లందరికీ చెబితే నా వ్యాపారం ఏం కావాలి?”

“పోనీ, పురుగుమందు ఏదైనా కలిసిందా? ఆ ఒక్కటి చెప్పండి చాలు.”

కొంచెం సేపు మాట లేదు. తరువాత అన్నాడు: “కందిరీగను నేను పంపలేదు కదమ్మా. ఆ వయసు ఆవిడను ఎండలో మిద్దె ఎక్కించింది మీరు. నన్ను అడుగుతారేమిటి?”

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే కలవలేదు. నా నంబరును అడ్డుకున్నాడు.

ఆ ‘ఆవిడ’ ఎవరో అతనికి తెలియక కాదు. ఈ సంక్రాంతి ముందు మా ఇంటికి వచ్చి, మా మిద్దె మీదే కూర్చుని, ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగాడు. పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ ఆవిడ దాచుకున్న చిక్కుడు విత్తనాలు గుప్పెడు అడిగి పట్టుకెళ్లాడు. ఆ చిక్కుడు విత్తనాలను ఊరి నుంచి తెచ్చుకుని ఏటా ఎండబెట్టి బూడిదలో కలిపి దాస్తుంది. అడగగానే ఇచ్చింది. అలాంటి మనిషి చేయి కాలి ఆసుపత్రిలో కూర్చుంటే, వైద్యానికి పనికొచ్చే ఒక్క మాట చెప్పడానికి అతనికి మనసు రాలేదు. ఫార్ములా అంతా చెప్పమని నేను అడగలేదు. పురుగుమందు ఉందా లేదా అని అడిగాను. లేకపోతే లేదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

అంతటితో ఆగలేదు. సీసా ఇంటికి వచ్చిన రోజు “బాటిల్ అందింది, వాసన బాగుంది” అని అతనికి మెసేజ్ పెట్టి ఉన్నాను. మర్నాడు పొద్దున గ్రూపులో అదే మెసేజ్ నా పేరుతో, నా ఫొటోతో కనిపించింది. ‘వనస్థలిపురం అక్క మాట వినండి’ అని పైన రాసి, కింద ధర వేశాడు. అత్తయ్య చేతికి కట్టు కట్టించుకుని వచ్చిన మరుసటి పొద్దున! దాని కిందనే చేయి ఫొటో పెట్టి జరిగింది రాశాను. కాసేపట్లో నా మెసేజ్ తీసేశారు, నన్నూ గ్రూపు నుంచి తీసేశారు. నా పేరుతో ఉన్న ప్రకటన మాత్రం ఇంకా తిరుగుతోందని స్నేహితురాలు చెప్పింది. నా మాట నమ్మి ఎవరైనా పసిపిల్ల కాలికి రాస్తే? అందుకే ఇది రాస్తున్నాను. ఆ మాట నేను తైలం వాడాక చెప్పింది కాదు. దయచేసి నమ్మకండి.

చట్టం ఏమంటుందో చూశాను. ఆయుర్వేద మందు అని అమ్మితే 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద తయారీ లైసెన్సు ఉండాలి. సీసా మీద లైసెన్సు నంబరు, అందులో కలిపినవాటి పేర్లు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ‘ఆయుర్వేద ఔషధం’ అన్న మాట ఉండాలి. పురుగుమందు కలిపి ఉంటే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. అలాంటి డబ్బాల మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం గుర్తు ఉంటుంది, దాని కింది సగానికి రంగు వేస్తారు. విష తీవ్రత తగ్గే వరుసలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. మొక్కలకు కొట్టే మందు డబ్బా మీద ఆకుపచ్చ చూసి ‘సహజం’ అనుకునేవాళ్లు ఉన్నారు, ఆ రంగున్నదీ పురుగుమందే. ఈ సీసా మీద ఇవేమీ లేవు, ఉన్నది ఒక ఆకు బొమ్మ.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు సీసా ఫొటోలతో రాశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా వస్తువుకు కట్టిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు.

తోటలో ఏదైనా కుట్టినప్పుడు డాక్టరు గారు చేయమన్నవి ఇవి. తేనెటీగ ముల్లు చర్మంలో ఉండిపోయి ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది, గోటితోనైనా వెంటనే గీకి తీసేయాలి. కందిరీగ సాధారణంగా ముల్లు వదలదు, కానీ మళ్లీ మళ్లీ కుట్టగలదు, ముందు అక్కడి నుంచి దూరంగా రండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. సబ్బుతో కడిగి చల్లటి తడిగుడ్డ వేయండి. సున్నం, కిరోసిన్ లాంటివి రాయకండి. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా 108కి ఫోను చేయండి. చీమల సంగతికి వస్తే, పిండినల్లిని నీటి ధారతో గట్టిగా కడిగేస్తుంటే మా మందారం దగ్గర చీమలు పలచబడ్డాయి.

అత్తయ్య చేయి ఇంకా మానలేదు. ఈ తైలం కొన్నవాళ్లు సీసా పారేయకండి. అన్ని వైపులా ఫొటో తీసి, డబ్బు పంపిన రసీదుతో పాటు దాచి, మీరు కూడా 1915కు చెప్పండి. రాసుకుని మంట పడ్డవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, ఔషధ నియంత్రణ శాఖకు అందరం కలిసి ఇంకో ఫిర్యాదు ఇద్దాం.