సమ్మర్ క్యాంపా, అవ్వ ఊరా, లైబ్రరీనా? ఆరేళ్ల లోపు పిల్లలకు ఏది మేలు?

ఒంటిపూట బడులు మొదలైతే చాలు, అనంతపురంలో పొద్దున పేపర్ విప్పేసరికి ఒళ్లో నాలుగు కరపత్రాలు పడతాయి. సాయినగర్, కమలానగర్, కోర్టు రోడ్డు, ఏ వైపు పోయినా గోడల మీద సమ్మర్ క్యాంప్ ఫ్లెక్సీలే. డ్యాన్సు, డ్రాయింగు, ఫోనిక్సు (ఇంగ్లీషు అక్షరాల శబ్దాలు), అబాకస్ (పూసలతో లెక్కలు), పొయ్యి లేని వంట, యోగా, చివర్లో సర్టిఫికెట్. మన రాష్ట్రంలో ఈ మధ్య బడి సెలవులు ఏప్రిల్ 24న మొదలై జూన్ 11 దాకా ఉంటున్నాయి. అంటే ఏడు వారాలు. ఎనిమిదేళ్ల పిల్లకు ఏదో ఒకటి దొరుకుతుంది. నాలుగేళ్ల పిల్లోన్ని ఏం చేయాలన్నదే ప్రశ్న. మా వీధిలో ఉండే తల్లులు, నాతో పనిచేసేవాళ్లు, మా ఇంట్లో పిల్లలు, అందరి అనుభవాలూ కలిపి చూస్తే నాకు తోచింది రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వయసులో క్యాంపుకు కట్టే డబ్బు చదువుకు కట్టినట్టు కాదు, పిల్లోన్ని చూసుకునేందుకు కట్టినట్టు. అందులో తప్పేమీ లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో అంతకన్నా పెద్ద అవసరం ఏముంది? కానీ అలా అనుకుని పోతే అడిగే ప్రశ్నలు మారతాయి. ఎన్ని యాక్టివిటీలు ఉన్నాయని అడగం. ఒక ఆయమ్మకు ఎంతమంది పిల్లలు, ఏ గదిలో కూర్చోబెడతారు, కరెంటు పోతే ఫ్యాన్లు తిరుగుతాయా అని అడుగుతాం.

క్యాంపులో మంచి చాలానే ఉంది. ఈడు పిల్లలు దొరుకుతారు. అపార్టుమెంట్లో ఒక్కడే పెరిగే పిల్లోడికి పక్కవాడి చేతిలో బొమ్మ లాక్కోకూడదని తెలిసేది అక్కడే. టిఫిన్ బాక్సు తనే తెరుచుకుంటాడు, చెప్పులు తనే వేసుకుంటాడు. బ్యాంకులో పనిచేసే మా పక్కింటి అక్క అన్న మాట నాకు బాగా నచ్చింది: "మా పాపకు ఏం నేర్పినారో నాకు తెల్దు గానీ, ఇంటికొచ్చి అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఫీజు వచ్చేసినట్టే." జూన్‌లో చేరబోయే బడిలోనే క్యాంపు పెడితే ఇంకో లాభం. ఆ గేటు, ఆ మిస్సు, ఆ బాత్రూము పిల్లకు ముందే అలవాటవుతాయి. బడి తెరిచిన రోజు ఏడుపు సగం తగ్గుతుంది.

ఇక రెండో వైపు. కొత్త చోట చిన్న పిల్లలు కుదురుకోవడానికే వారం పడుతుంది. పదిహేను రోజుల క్యాంపు అయితే అందులో సగం ఏడుపుకే పోయింది. మిగిలిన సగంలో చివరి రోజు స్టేజీ కార్యక్రమానికి రిహార్సల్. ఆ డ్రెస్సుకు మళ్లీ డబ్బులు. అందుకే మూడు, మూడున్నర ఏళ్ల పిల్లల్ని తెలియని చోట చిన్న క్యాంపులో వేయడం దండగ అంటాను. అదే వీధి నుంచి తెలిసిన పిల్ల ఒకరు తోడు పోతుంటే మాత్రం సంగతి వేరు.

మా వాడు పోయిన క్యాంపు వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలు వచ్చేవి. ఒకరోజు కాగితం ఏనుగు. చెవులు చక్కగా కత్తిరించి, తొండం వంకర పోకుండా మడిచి, బలే ఉంది. ఇంటికి వచ్చాక అడిగినా. "ఏనుగు నువ్వే చేసినావా నాయనా?" "లేదు. మిస్సు చేసింది. నేను కన్ను అంటించినా." ఇరవైమంది చేతుల్లోనూ ఇరవై ఒకే రకం ఏనుగులు. నిజంగా నాలుగేళ్లోడు చేసిన ఏనుగు పందిలా ఉంటుంది, ఉండాలి. క్యాంపు చూడటానికి పోయినప్పుడు గోడ మీద అంటించిన బొమ్మలు చూడండి. అన్నీ ఒకేలా అందంగా ఉంటే అక్కడ పని పిల్లలు కాదు, టీచర్లు చేస్తున్నారు.

అక్కడే ఇంకొకటీ గమనించినా. తొమ్మిదింటికి పాటలు, పదింటికి బొమ్మలు, పదిన్నరకు స్నాక్స్. ఆ తర్వాత పిల్లలు నీరసపడతారు, టీచర్లూ అలసిపోతారు, గోడకున్న టీవీలో రైమ్స్ పెట్టేస్తారు. ఒకరోజు కాస్త ముందే తీసుకొద్దామని పోతే పిల్లలంతా చాప మీద బాసిపట్టు వేసుకుని టీవీకి కళ్లప్పగించి ఉన్నారు. ఇంట్లో మనం లాక్కునే ఫోనుకు ఆ టీవీకి తేడా సైజే కదా! మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అందుకే క్యాంపు ఎలా ఉందో చూడాలంటే మొదటి గంటలో కాదు, పదకొండు దాటాక పోవాలి. అప్పుడు రానివ్వం అన్నారంటే ఆ చోటు నాకు వద్దు.

మన ఎండ సంగతి వేరే చెప్పాలా? మే నెలలో పన్నెండున్నరకు వదిలే క్యాంపు అంటే పిల్లోన్ని మంటలో బండి మీద కూర్చోబెట్టుకుని రావడమే. వ్యాన్ అయితే ఇంకా కష్టం. ఆఖరి స్టాపు మీదైతే వాడు ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుకు వదిలే క్యాంపుకు కాస్త ఎక్కువ ఫీజైనా కట్టొచ్చు. ఇంటికి రాగానే నీళ్ల సీసా చూడండి. నిండుగా వెనక్కి వస్తుంటే అక్కడ తాగించేవాళ్లు లేరని లెక్క. ఒంటేలు ముదురు పసుపులో పోస్తుంటే వెంటనే జాగ్రత్త పడాలి. చాలామంది చిన్నోళ్లు కొత్త బాత్రూముకు పోవడానికి భయపడి నీళ్లే తాగరు. అది ఆయమ్మతో మొదటి రోజే మాట్లాడుకోవాలి.

ఫోనిక్స్, అబాకస్, చేతిరాత గురించి ఒక్క మాట. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పాలంటుంది. ఆ పేరు ఫ్లెక్సీ మీద పెద్దగా వేసి, లోపల వర్క్‌షీట్లు దిద్దించే చోట్లు ఉన్నాయి. సంచిలో రోజూ కాగితాలు వస్తుంటే, అది సెలవుల్లో నడిచే ట్యూషనే.

ఊరి సంగతికి వద్దాం. క్యాంపు డబ్బు దండగ, అవ్వ దగ్గరికి పంపితే చాలు అనేవాళ్లు మనలో చాలామంది. నేనూ సగం ఆ గుంపులోదాన్నే. మా అత్తగారి ఊర్లో వేసవి అంటే చింతపండు పని. అరుగు మీద గోనెపట్టా పరిచి, చింతకాయలు కొట్టి, గింజ తీసి, ఈనె లాగి పక్కన వేస్తారు. ఆ గింజల కుప్ప పిల్లలది. మా వాడు వాటిని పదేసి చొప్పున వరస పెట్టడం అక్కడే నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. వాళ్ల అక్కతో వామనగుంటలు ఆడాలంటే లెక్క రావాలి, అంతే. వానలు దగ్గర పడే కొద్దీ విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తారు. చిన్న వేళ్లకు అంతకన్నా మంచి కసరత్తు ఏ క్యాంపులో ఉంది? పప్పు చెదరకుండా తొక్క పగలగొట్టాలి, ఒలిచిందాంట్లో సగం నోట్లోకే పోతుంది, అది వేరే సంగతి. రోజంతా తెలుగులో మాట్లాడటం, రాత్రి మిద్దె మీద కథలు ఎలాగూ ఉంటాయి.

కానీ ఊరు ఉచితం అనుకుంటే పొరపాటు. ఆ ఖర్చు అవ్వ మోకాళ్లు భరిస్తాయి. తాత అరుగు మీద కూర్చుని "చూస్తున్నాలే" అంటాడు. పిల్లోడి వెనకాల తిరిగేది, తినిపించేది, కడిగేది అన్నీ అవ్వే. వేసవిలో పొద్దున్నే ఉపాధి పనికి పోయే ఇండ్లలో పది గంటల దాకా పిల్లోన్ని ఎవరు చూస్తారు? నీళ్ల తొట్టి, ఊరి కుంట, గడ్డివాము దగ్గర తేళ్లు, పాములు, వీటన్నిటి గురించి ముందే మాట్లాడుకోవాలి. పెళ్లిళ్ల కాలం కాబట్టి అవ్వే ఊర్లో లేని రోజులూ ఉంటాయి. ఇక ఫోన్ ఊర్లో ఉండదని భ్రమ పడొద్దు. మధ్యాహ్నం మూడింటికి ఎండకు బయటికి పోలేక అక్కడా అదే చేతికిస్తారు. ఎప్పుడూ అమ్మను వదిలి పడుకోని పిల్లల్ని ఒక్కసారిగా నెల రోజులు వదిలేయడం కూడా సరికాదు. మొదట ఒక వారం, అది కుదిరితే ఇంకో వారం.

గ్రంథాలయం మాట చాలామందికి గుర్తుకే రాదు. ఏటా సెలవుల్లో మన రాష్ట్రంలో గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు. కథలు చెప్పడం, పుస్తకాలు చదివించడం, బొమ్మలు గీయడం, చెస్ లాంటివి. ఫీజు లేదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం కదా, మనకు రావాల్సిందే. అయితే ఇది చదవడం వచ్చిన పిల్లలకు సరిపోతుంది. మా పాపకు బాగా నచ్చింది. నాలుగేళ్లోన్ని వదిలి పోయే చోటు మాత్రం కాదు, ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. సెలవున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, తాతో పిన్నో తోడు పోగలిగితే, కథ చెప్పే గంట వరకు కూర్చోబెట్టి తీసుకురావచ్చు.

ఆటల శిక్షణ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు మా ఊరి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో జరిగినప్పటి నుంచి మా వైపు ప్రతి తండ్రికీ కొడుకు చేతిలో బ్యాటే కనిపిస్తోంది. ఆరేళ్ల లోపు వాళ్లకు కోచింగ్ అక్కర్లేదు. సాయంత్రం ఎండ తగ్గాక నీలం సంజీవరెడ్డి స్టేడియంలోనో ఇంటి దగ్గర పార్కులోనో పరిగెత్తనిస్తే చాలు.

మరి ఏది మేలు? ఇద్దరూ ఉద్యోగస్తులై, ఊర్లో చూసుకునే ఓపిక ఉన్నవాళ్లు లేకపోతే క్యాంపే, సందేహం లేదు. ఫీజు గంటల లెక్కన చూసుకోండి. 3,000 రూపాయలు కట్టి 20 రోజులు, రోజుకు 3 గంటలు పంపితే గంటకు 50 రూపాయలు. ఆ లెక్కలో కిట్టు, టీషర్టు, స్టేజీ డ్రెస్సు కూడా కలపాలి. సాయంత్రం దాకా ఉంచుకునే చోటైతే మధ్యాహ్నం పడుకోబెట్టే గది చూడకుండా డబ్బు కట్టొద్దు. ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు పది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. నిద్ర చాలని పిల్లోడి చిరాకు సాయంత్రం మీకే మిగులుతుంది.

ఇంట్లో ఒకరున్నా, ఊర్లో ఓపికున్న అవ్వ ఉన్నా నా ఓటు అవ్వ ఊరికే, అదీ వారం రెండు వారాలు. మిగిలిన సెలవులు ఇంట్లోనే గడిచినా ఏమీ కొంప మునగదు. పక్కింటి పాప క్యాంపులో ఇంగ్లీషు పాట నేర్చుకుని వచ్చిందని టెన్షన్ పడాల్సిన పని లేదు.

రెండూ కావాలనుకుంటే క్రమం మాత్రం ఇలా పెట్టుకోండి: ఏప్రిల్ ఆఖరు నుంచి మే మొదటి వారం దాకా క్యాంపు, ఆ తర్వాత ఊరు, జూన్ మొదటి వారానికి ఇల్లు. మే నడిమి ఎండల్లో రోజూ బయటికి తిప్పే బాధ తప్పుతుంది. పడుకునే టైము, లేచే టైము బడికి తగ్గట్టు సర్దుకోవడానికి చివర్లో కొన్ని రోజులు చేతిలో ఉంటాయి. ఫీజు కట్టే ముందు, మూడు రోజులు చూసి పిల్లోడు ఉండనంటే డబ్బు వెనక్కి ఇస్తారా అని అడిగి, రసీదు మీద రాయించుకోండి.